పొడి అంచులకు పట్టు జెండా

వినయంలో నన్ను మించినవాడు మా తాలూకాలో లేడు. జనం ఆ సంగతి కనిపెట్టడానికి శ్రమపడతారని నేనే ముందుగా చెప్పేస్తుంటాను. కథ కూడా ఆ వినయంతోనే చెబుతున్నాను.

ఒకానొక రాజ్యంలో, ఏటి ఒడ్డున, వీరకేసరి అనే రాజు ఉండేవాడు. రేవులో ఆరు పడవలు. వాటిలో ఏది మంచిదో తేల్చాలని ఆయనకు బుద్ధి పుట్టింది. పడవ దిగినవాళ్ళ పంచె అంచులు రేవు కరణం తడిమి చూడాలన్నాడు. అంచులు తడవకుండా దాటించినవాడికి పట్టు జెండా. ఎక్కువ తడిపినవాడి పడవ జప్తు.

జెండా సూరప్పకు దక్కింది. తడిపినవాళ్ళలో మొదటివాడు పోలయ్య. మర్నాడే జప్తని చాటింపు వేశారు.

పోలయ్య ఆస్థాన విదూషకుడు కొండుభొట్లు దగ్గరికి పరుగెత్తాడు.

"వానలో దాటిస్తే తడవకుండా ఎట్టా బాబూ? పడవ పోతే నా పిల్లలేం తింటారు?"

"మరి సూరప్ప?"

"ఆడు మబ్బు కనపడితే పడవ కట్టేసి పడుకుంటాడు! మిగతా నలుగురూ ఇప్పుడు అదే దారి."

మర్నాడు పొద్దున్నే కొండుభొట్లు రాజుతో అన్నాడు: "ప్రభూ, అవతలి ఒడ్డున జనం బారులు తీరి ఉన్నారు. మీ కొలత గురించి వాళ్ళ నోటనే వినాలి."

రాజు పొంగిపోయాడు. తలపాగా సవరించుకుని రేవుకు వచ్చాడు. చినుకులు పడుతున్నాయి.

"సూరప్పా, పడవ తియ్యి."

సూరప్ప చేతులు కట్టుకున్నాడు. "మహాప్రభో, తమ అంచు తడిస్తే నా జెండా పోతుంది. వానలు తగ్గాక దయచెయ్యండి."

"నువ్వు పడవ తీసి ఎన్నాళ్ళయింది?"

"ఇరవై రోజులు, ప్రభూ. ఒక్క అంచూ తడవలేదు!"

"నిజమే ప్రభూ, చిట్టాలో ఉంది" అన్నాడు కరణం.

రాజు కొండుభొట్లును వెంటబెట్టుకుని పోలయ్య పడవెక్కాడు. నడి ఏట్లో ఒక అల ఆయన్ని నడుము దాకా తడిపింది. అవతలి ఒడ్డున వందమంది నిలబడి ఉన్నారు. ఒక్కరి చేతిలోనూ దండ లేదు.

"దండలేవయ్యా, కొండుభొట్లూ?"

"పూల అంగళ్ళు మన ఒడ్డునే కదా ప్రభూ. పూలు దాటాలన్నా పడవ కావాలి. అదుగో, ఆ తల్లి జ్వరం పిల్లను ఎత్తుకుని, చాటింపుతో పోలయ్య పడవ కూడా ఆగిన నిన్నటినుంచి నిలబడి ఉంది. వైద్యుడు కూడా మన ఒడ్డునే."

రాజు జరిగి కూర్చుని తల్లికీ పిల్లకూ చోటిచ్చాడు. తిరిగి రేవులో దిగగానే కరణం వంగి ఆయన పంచె పిండాడు. చెంబెడు నీళ్ళు కారాయి.

"తడి" అని రాసుకున్నాడు కరణం. "పోలయ్య లెక్కలో ఇంకొకటి ప్రభూ!"

రాజు కరణాన్ని చూశాడు. తన పంచె చూసుకున్నాడు. పగలబడి నవ్వాడు.

"జప్తు లేదు, తడమడం లేదు! ఆ జెండా పోలయ్యకిచ్చెయ్యండి."

"వద్దు ప్రభూ!" కొండుభొట్లు కంగారుపడ్డాడు. "ఇస్తే రేపటినుంచి ఆరుగురూ కావాలనే తడుపుతారు."

రాజు మళ్ళీ నవ్వి, తన చేతి కడియం తీసి కొండుభొట్లుకు తొడిగాడు.

మరి మంచి పడవవాణ్ణి కొలిచేదెలా అంటారా? నాకు ఇప్పటికీ తెలియదు.