తగ్గింపులో తగ్గింపు

పన్ను తాఖీదు చేతికొస్తే చదవకుండా చూరులో దోపేవాడా, నిన్నే అంటున్నాను. అర్థం కాలేదని ఒప్పుకోవడానికి నీకు సిగ్గు. అడగడానికి బద్ధకం. తల ఊపి ఊరుకుంటావు. తీరా బంట్రోతులు తలుపు ఊడదీసుకుపోతుంటే లబోదిబోమంటావు. ముందు ఈ కథ విను. విన్నాక ఇంటికి పోయి ఆ తాఖీదు బయటికి తియ్యి.

సిరివాక అని ఒకానొక రాజ్యం ఉండేది. అక్కడ ప్రతి ఇంటికీ గడప పన్ను ఉండేది. ఆ రాజుగారి తాత దయగలవాడు. కూలి చేసుకుని ఒంటరిగా బతికేవాళ్లు పావువంతు కడితే చాలునని కట్టడి చేసి పోయాడు. ఆ వదిలేసిన భాగాన్నే జనం తగ్గింపు అనేవారు. ఇంట్లో సంపాదించే మనిషి మరొకరు చేరితే ఆ తగ్గింపులో కొంత కోసేవారు. అంతవరకు న్యాయమే.

మనవడు గంభీరసింహుడు గద్దెనెక్కాడు. తన మాట జనానికి అర్థం కాకపోతేనే రాజసమని ఆయన నమ్మకం. అందుకు తగిన మంత్రే దొరికాడు. కన్నవాళ్లు అతనికి పెట్టిన పేరు పుల్లయ్య. తనకు తాను పెట్టుకున్న పేరు వాక్యభూషణుడు. తాఖీదులన్నీ అతనే రాసేవాడు.

ఆ ఊళ్లో విస్తళ్లు కుట్టుకుని బతికే సూరమ్మ అనే ముసలమ్మ ఉంది. ఆమె తమ్ముడు గంగులుకు పక్షవాతం వచ్చి రెండు చేతులూ పడిపోయాయి. చూసే దిక్కులేక అక్క ఇంటికి చేరాడు. ముద్ద కలిపి ఆమే నోట్లో పెట్టేది.

ఆ ఏడు సూరమ్మకు తాఖీదు వచ్చింది. బంట్రోతు వీధిలో నిలబడి గడగడా చదివాడు. "భవద్గృహ తగ్గింపునందు, అధిక హస్తద్వయ సంప్రాప్తి హేతువున, తగ్గింపు కల్పించడమైనది."

సూరమ్మకు తగ్గింపు అన్న మాట రెండుసార్లు వినిపించింది.

"ఒరే గంగులూ, రాజుగారు మనకు తగ్గింపు మీద తగ్గింపు ఇచ్చారురా!" అని మురిసిపోయింది. ఒక కట్ట విస్తళ్లు ప్రత్యేకంగా కుట్టి, కోట వంటశాలకు కానుకగా ఇచ్చి వచ్చింది. పన్ను ఎప్పటిలాగే పావువంతు కట్టింది.

వానలు మొదలయ్యే రోజుల్లో బంట్రోతులు వచ్చి తలుపు ఊడదీశారు.

"ఇదేమిటయ్యా?"

"పన్ను బాకీ, ముసలమ్మా. కట్టి తలుపు తీసుకుపో."

ఆ రోజే మొదటి జల్లు పడింది. వాకిట్లోంచి కొట్టిన జల్లు గంగులు పక్క మీద పడింది. తుడుచుకుందామంటే అతనికి చేతులు లేవవు. సూరమ్మ అతని పక్క లోపలి గోడకు జరిపి, కొంగు దోపుకుని, తిన్నగా కోటకు పోయింది. పోయి సింహద్వారం గడప మీద కూర్చుంది.

భటులు హడలిపోయారు. గడప మీద కూర్చోకూడదు. కూర్చున్న మనిషిని దాటకూడదు. అవతల రాజుగారు ఊరేగింపు ముగించుకుని వస్తున్నారు.

"లే అవ్వా, లే! రాజుగారు వచ్చే వేళ!"

"రానీ. గడప పన్ను సంగతి గడప మీదే తేలాలి. నా తలుపు నాకిచ్చేదాకా లేవను."

"ఈడ్చేస్తాం!"

"ఈడ్చు నాయనా. ముసలిదాన్ని గడప మీద ఏడిపించిన కొంపలోకి లక్ష్మి వస్తుందో రాదో మీ రాణిగారిని అడిగి మరీ ఈడ్చు."

ఎవరికీ చెయ్యి ఆడలేదు. రాజుగారి ఏనుగు ద్వారం ముందు ఆగిపోయింది. అప్పుడు కొలువులో ఉండే తిప్పన అనే చమత్కారి ముందుకొచ్చాడు. ఆమె గోడంతా విన్నాడు. ఆమె చేతిలోని తాఖీదు చూసి, అందులో రెండు చేతుల లెక్క ఉందన్నాడు. అని, ముందు ఆమెనే కోప్పడ్డాడు.

"తాఖీదు అర్థం ఏమిటని ఆనాడే ఎందుకు అడగలేదు అవ్వా?"

"చదువురానిదాన్నని నవ్వుతారని, బాబూ."

"ఇప్పుడు తలుపు పోయింది. నవ్వే నయం కదూ?"

"నయమే. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. చేతుల సంగతేదో రాశారట. ఎవరి చేతులు?"

తిప్పన రాజువైపు తిరిగాడు. "ప్రభూ, ఈమె ఇంట్లో సంపాదించే చేతులు రెండు చేరాయని తగ్గింపు కోశారు. ఆ చేతులు పడిపోయిన చేతులు. తాఖీదు అర్థమై ఉంటే ఆ ముక్క ఈమె ఆనాడే చెప్పేది."

రాజు వెంట వచ్చిన వాక్యభూషణుడు మీసం దువ్వాడు. "మా భాష స్ఫటికంలా ఉంటుంది. మూఢులకు తెలియకపోతే మా తప్పా?"

"రాసినవారికైనా తెలుస్తుందా అని నా అనుమానం, ప్రభూ," అన్నాడు తిప్పన.

రాజుకు కోపం వచ్చింది. "తిప్పనా! ఆ మాట రుజువు చేస్తే ముసలమ్మ తలుపు ఇప్పిస్తాను. చేయలేకపోతే నీ కొలువు ఊడుతుంది."

"చిత్తం. సాయంకాలం కొలువులో చేస్తాను."

సూరమ్మ గడప మీంచి పక్కనున్న అరుగు మీదికి జరిగింది. అంతకుమించి కదలలేదు.

సాయంకాలం ఆ అరుగు పక్క చావడిలోనే కొలువు తీరింది. తిప్పన పట్టుగుడ్డలో చుట్టిన తాటాకు ఒకటి తెచ్చాడు. "ప్రభూ, రుజువుకు ముందు ఒక శుభకార్యం. అమాత్యులవారికి సన్మానపత్రం. వారి భాషలోనే రాయించాను." అని గొంతు సవరించుకుని, బంట్రోతు చదివినంత వేగంగా చదివాడు. "శ్రీమదమాత్య వాక్యభూషణులవారి స్వగృహమందు కవాటద్వయ విమోచన మహోత్సవమును, తదీయ వేతన తగ్గింపునందు శాశ్వత హెచ్చింపును, ప్రభువులవారు సంతోషముగా అనుగ్రహించడమైనది."

మంత్రి చెవికి మహోత్సవం తగిలింది. హెచ్చింపు తగిలింది. శాశ్వతం మరీ తియ్యగా తగిలింది. ఇతరులకు అర్థం కాకూడదని రాసీ రాసీ, అర్థం కోసం వినడం అతను ఏనాడో మానేశాడు.

"ఆహా, ఏమి రచన!" అని చేవ్రాలు చేశాడు.

"మా మనసులో ఉన్నదే రాశావు," అని రాజు ముద్ర కూడా వేశాడు.

తిప్పన తాటాకు కళ్లకద్దుకున్నాడు. "ఇక బంట్రోతులను పంపండి ప్రభూ, అమాత్యుల ఇంటి తలుపులు ఊడదీయడానికి."

"ఏమిటీ!" అని మంత్రి లేచాడు.

"కవాటద్వయమంటే రెండు తలుపులు. విమోచనమంటే ఊడదీయడం. దాన్నే మహోత్సవంగా చేస్తాం. వేతనంలో తగ్గింపు, ఆ తగ్గింపులో హెచ్చింపు. అంటే జీతం కోత, కోతకు పెంపు. తమరు చేవ్రాలు కూడా చేశారు."

"మోసం! ఇది గడగడా చదివాడు ప్రభూ! అర్థం చేసుకునే వ్యవధి ఏదీ?"

బయట అరుగు మీంచి సూరమ్మ గొంతు వినిపించింది. "నాకూ గడగడానే చదివారు నాయనా."

రాజు తన ముద్ర వంక చూసుకున్నాడు. తనకూ అర్థం కాలేదన్న సంగతి ఆయన మొహానికి ఎక్కడానికి కాస్త సేపు పట్టింది. ఎర్రబడ్డాడు. తెల్లబోయిన మంత్రి మొహం వంక చూశాడు. ఇక ఆపుకోలేక గద్దె చెయ్యి పట్టుకుని పకపకా నవ్వాడు.

"గెలిచావు తిప్పనా! ఏం కావాలో కోరుకో."

"అవ్వ తలుపు ఈ పూటే బిగించాలి. గంగులు చేతులను లెక్కలోంచి తీసి పాత తగ్గింపు నిలబెట్టాలి. ఇక మీదట తాఖీదు వీధిలో మాట్లాడే మాటల్లో ఉండాలి. ఎంత కట్టాలో, ఎందుకు పెరిగిందో, తప్పయితే ఎవరికి చెప్పుకోవాలో అందులో ఉండాలి."

"అన్నీ ఇచ్చాను. నీకు?"

"ప్రభువులు నవ్వారు కదా. నాకది చాలు."

రాజు తన మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు.

"మరి ఈ పత్రం రద్దే కదా ప్రభూ?" అని మంత్రి నీళ్లు నమిలాడు.

"మా ముద్ర పడింది వాక్యభూషణా. సూరమ్మ తాఖీదు మీదా పడింది. ఆనాడు రద్దు చేశావా?"

చీకటి పడకముందే సూరమ్మ తలుపు సూరమ్మకు వచ్చింది. దాన్ని బిగించిన బంట్రోతులే పోయి మంత్రిగారి నగిషీ తలుపులు రెండూ డప్పులతో ఊడదీశారు. మహోత్సవం అని రాసి ఉంది మరి. ఆ వానాకాలమంతా ఆయన వాకిలికి తాటాకు తడికే దిక్కయింది. కోసిన జీతం మళ్లీ కలవలేదు. ఏటా తాఖీదులు ఆయనే ఇంటింటికీ మోసుకుపోయి చదవాలని రాజుగారు కట్టడి చేశారు. ఇంటివాళ్లు అర్థమైందనేదాకా వాకిలి వదలకూడదు.

సూరమ్మ ఇంటి ముందు, జల్లులో తడుస్తూ, మొదటిసారి చదివాడు.

"ఇంకోసారి చెప్పు పుల్లయ్యా," అంది సూరమ్మ.