స్వామి తీసేసిన ఆకు

మార్గశిర శుద్ధ దశమి, గురువారం, బారెడు పొద్దెక్కిన వేళ గిరిజమ్మ, తన కూతురు అక్కమ్మ చెయ్యి పట్టుకుని మఠం బడిలోకి విసురుగా వచ్చింది. చిన్నప్పుడు తనూ ఆ బడి నడిపే స్వామి దగ్గరే చదువుకుంది. ఆయన ఎదుట గొంతెత్తి ఎరగదు. ఆరోజు ఎత్తింది.

"స్వామీ, దీనికి ఐదో ఏడు నిండలేదు. పురాణం గడగడా చదువుతుంది. మీరేమో ఇంకా ఇసుకలో ఓనమాలు దిద్దిస్తున్నారు. నిన్న ఇంటికొచ్చి గోళ్లలో ఇసుక చూపిస్తే నా కడుపు మండిపోయింది."

"మండనీ. కూర్చో," అన్నారు స్వామి.

"కూర్చోను. దీనికి తగ్గ చదువు చెప్తే సరే. లేదంటే రేపటినుంచి పిల్ల రాదు. పక్కూరి పంతులుగారికి అప్పజెప్తాను."

స్వామి తాటాకుల కట్ట దించి, వాళ్లకు వీపు తిప్పి తాడు విప్పారు. మళ్లీ కట్టి అక్కమ్మ చేతికిచ్చారు. "చదువు తల్లీ."

లేడిపిల్ల కథ. అక్కమ్మ ఎక్కడా తడబడలేదు. బోయవాడు వల పన్నాడు. లేడిపిల్ల చిక్కింది. తల్లి లేడి గుట్టమీంచి చూసింది. ఆకు తిరిగింది. లేడిపిల్ల తల్లి పక్కన గడ్డి మేస్తోంది. కథ అయిపోయింది.

"ఒక్క అక్షరం పోలేదు, విన్నారుగా," అంది గిరిజమ్మ.

ఇసుకలో వేలు పెట్టుకుని కూర్చున్న పోలి అనే పిల్ల తలెత్తింది. "మరి వలలోంచి ఎట్టా బయటపడింది?"

అక్కమ్మ ఆకులు వెనక్కి తిప్పింది, ముందుకు తిప్పింది. చెవులు ఎర్రబడ్డాయి. "ఇందులో లేదు," అంది కోపంగా.

స్వామి పీట కిందినుంచి ఒక ఆకు తీశారు. అక్కమ్మ చెయ్యి చాచింది. ఆయన దాన్ని గిరిజమ్మకిచ్చారు.

"మీరే దాచి, పసిదాన్ని నవ్వులపాలు చేస్తారా?" అంది గిరిజమ్మ.

"అది చదువుతుంటే నువ్వూ విన్నావు కదమ్మా, నీకూ తట్టలేదు. ఇది నీ దగ్గరుంచు. పిల్ల అడిగితే ఇవ్వు. అడక్కపోతే పక్కూరి పంతులుకివ్వు."

ఆ పూటంతా ఆ ఇంట్లో గిన్నెలే మాట్లాడాయి.

తెల్లవారి గిరిజమ్మ చల్ల చిలుకుతుంటే అక్కమ్మ వచ్చి కవ్వం పట్టుకుంది. మొహం ఇంకా ముటముటలాడుతూనే ఉంది.

"అమ్మా, ఆ ఆకు ఇయ్యి. తల్లి లేడి ఊరికే చూస్తూ నిలబడిందా?"

గిరిజమ్మ కవ్వం వదిలి, చూరులో దోపిన ఆకు తీసింది. అక్కమ్మ చదువుతుంటే తండ్రి కూడా వచ్చి కూర్చున్నాడు. ఆరోజు చద్దన్నాలు ఆలస్యమయ్యాయి. తిన్నాక గిరిజమ్మే పిల్లను మఠానికి తీసుకెళ్లింది. ఆకు అక్కమ్మ చేతిలోనే ఉంది. ముందు పోలికి చెప్పాలట.