మగ్గాలపేట పలకరింపులమ్మ

మగ్గాలపేటలో బస్సు దిగి, నూలు అంగడి పక్క సందులోకి తిరిగితే ఏటి గట్టు వస్తుంది. గట్టు మీద రేకుల కప్పు కింద ఉన్న చిన్న రాతి విగ్రహమే పలకరింపులమ్మ. అమ్మవారి చేతిలో కత్తి లేదు, త్రిశూలం లేదు. కుడిచేయి గుండె మీద ఉంటుంది. ఈ రూపం ఎలా వచ్చిందని యాత్రికులు అడుగుతుంటారు.

పూర్వం ఇక్కడ సన్నెమ్మ అనే మంత్రసాని ఉండేది. నలభై యేళ్ళ పాటు పేటలో పుట్టిన ప్రతి బిడ్డా మొదట ఆమె చేతుల్లోనే పడింది. ముసలితనంలో ఆమెకు మరుపు వచ్చింది. మొదట పొయ్యి మీది పాలు మరిచింది, తర్వాత ఇంటి దారి, ఆ తర్వాత మనుషుల మొహాలు.

పేటవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. ఆమె తమను మరిచిపోతుందంటే నమ్మలేకపోయారు, అంతే. ఎదురైన ప్రతివారూ "మామ్మా, నన్ను నువ్వే తీశావు. నేనెవర్నో చెప్పుకో చూద్దాం!" అనేవారు. నేతగాడు అప్పలసూరి మరీ గడుసు. "చెబితే బెల్లం ముక్క పెడతాను" అని ఊరించేవాడు. సన్నెమ్మ తల దించుకొనేది. కొన్నాళ్ళకు గడప దాటడం మానింది. ఆపైన అన్నమూ మానింది. కూతురు పైడితల్లి ఏం చేయాలో తెలియక కుమిలిపోయేది.

ఒకనాటి ఉదయం పైడితల్లి నీళ్ళు తెచ్చేసరికి మంచం ఖాళీ. ఏరేమో నిండుగా పారుతోంది. పేటంతా మగ్గాలు ఆపి వెతికింది. మిట్టమధ్యాహ్నానికి పైడితల్లి అలసి గట్టు కింద కూలబడింది. కన్ను మూతపడింది. కలలో పసుపు చీర కట్టిన ఒక స్త్రీ, గుండె మీద చేయి వేసుకొని నిలిచింది.

"నేను ఈ ఏటి తల్లిని. మీ పొరుగుదాన్ని. మీ అమ్మ గట్టు చివర ఉంది. ఇన్నాళ్ళూ అందరూ ఆమెను అడిగారు. ఒక్కరైనా చెప్పారా?" అన్నది.

పైడితల్లి లేచి పరుగెత్తింది. అప్పటికే జనం సన్నెమ్మను చుట్టుముట్టారు. "మామ్మా, ఇటు చూడు, నేనెవర్ని?" అని అన్ని వైపులా కేకలు. ఆమె బెదిరి ఒక్కో అడుగూ వెనక్కి, నీటి వైపు వేస్తోంది. ఇంకొక్క అడుగు వేస్తే ఏరే.

"నోళ్ళు మూయండి!" అన్నది పైడితల్లి. గుండె మీద చేయి వేసుకుంది. "అమ్మా, నేను పైడితల్లిని. నీ కూతుర్ని. అన్నం వేళైంది, రా."

సన్నెమ్మ ఆగింది. "ఓలమ్మా, కూతురివా? అయితే ఇంత ఎండలో నన్నెందుకు తిప్పుతున్నావే?" అని చేయి చాచింది.

అప్పలసూరి నెమ్మదిగా ముందుకొచ్చాడు. "నేను అప్పలసూరిని మామ్మా. వీధిలో మూడో ఇల్లు. నన్ను నువ్వే తీశావు."

"తీశానా? ఈ తలకాయ చూస్తుంటే మీ అమ్మ ఎంత అవస్థ పడిందో!"

జనం నవ్వారు. ఆమె కూడా నవ్వింది.

ఆనాటి నుంచి సన్నెమ్మ మళ్ళీ వీధిలో తిరిగింది. ప్రతి గడపలోనూ వాళ్ళే ముందు పేరు చెప్పారు. రోజూ చెప్పారు. ఆమె రోజూ కొత్తగానే విన్నది. అలా తొమ్మిదేళ్ళు బతికింది. ఆనాడు గట్టు మీద ఆమె ఆగిన చోటనే, పైడితల్లి కలలో కనిపించిన రూపాన్ని ప్రతిష్ఠించారు.

నేటికీ ఇక్కడ భక్తులు తమ పేరు, ఊరు, ఎవరి బిడ్డలో అమ్మవారికి చెప్పుకొని మొక్కుతారు. దర్శనం అయ్యాక, మగ్గాల వీధిలో మరుపు వచ్చిన పెద్దలున్న ఇళ్ళకు వెళ్ళి అలాగే చెప్పి రావాలి. "గుర్తుపట్టారా?" అని అడగడం ఇక్కడ తప్పు. నోరు జారి అడిగినవారు ఆ ఇంట కూర్చొని, ఆ పెద్దవారితో కలిసి నాలుగు ముద్దలు తిని లేవాలి. ఆకలైనవాళ్ళు కావాలనే అడుగుతారని పూజారిగారు అంటుంటారు.

ఇక్కడ మొక్కితే మరుపు పోతుందని మేము చెప్పము. పోదు. మీ ఇంటి పెద్దవారిని మాత్రం తలుపు వేసి వదిలి రాకండి, వెంట తీసుకురండి. రద్దీలో చేయి జారిపోయినా భయపడకండి. పది గడపలు దాటేలోగా పదిమంది వాళ్ళకు తమ పేర్లు చెప్పి, మంచినీళ్ళిచ్చి, మీ దగ్గరకు చేరుస్తారు.