పదివేల వీపులు

ఒకానొక రాజ్యంలో, పసిడిమెట్ట అనేవారు దాన్ని, చండవిక్రముడనే రాజు ఉండేవాడు. ఆయనకు మీసం దువ్వడానికి ఒక నౌకరు, అద్దం పట్టుకోవడానికి ఇద్దరు. తనను నలుగురూ చూడాలి, చూసి నోళ్లు తెరవాలి. ఆయనగారు చేసే పాలన ముప్పాతిక భాగం అదే.

ఒకనాడు పొరుగు రాజ్యపు రాయబారి విడిది నుంచి సభకు వస్తూ వస్తూ ఏటి ఒడ్డున పల్లకీ ఆపించాడు. చాకిరేవులో మగవాళ్లు గోచీలు బిగించి బండల మీద గుడ్డలు బాదుతున్నారు. సభలోకి వచ్చి కూర్చోగానే ఆయన నవ్వుతూ అన్నాడు:

"మహారాజా, మీ రాజ్యంలో బట్టలుతికేవాళ్లకే బట్టల్లేవా?"

ఆ నవ్వు రాజుగారికి ఒళ్లంతా గుచ్చుకుంది. మర్నాడు తెల్లారేసరికి ఊరంతా దండోరా. "కంఠం నుంచి చీలమండ దాకా కప్పుకోకుండా పదిమందిలో కనపడితే, ఎవరైనా సరే, పన్నెండు కొరడా దెబ్బలు!" ధర్మాధికారి వాచస్పతిగారు దానికి తన తెలివి కూడా ఒక ముక్క అతికించారు. "చూసి కూడా భటులకు చెప్పనివారికి ఆరు!"

పది రోజుల్లో ఎవరు దొరికారయ్యా అంటే, మన్ను తొక్కే కుమ్మరి, నాగలి పట్టిన రైతు. సంతవీధిలో ఆడవాళ్లు పోతుంటే పంచె ఎత్తి పళ్లికిలించే పోకిరీ ఒకడున్నాడు. వాడు మాత్రం దొరకలేదు. వాడు పరిగెత్తుతాడు. భటులకు ఆయాసం. నీళ్లలో నిలబడి పని చేసుకునేవాడైతే ఎక్కడికీ పోడు కదా!

అలా దొరికినవాడే ముసలి ఎర్రన్న. కోట చాకలి నాంచారి కన్నతండ్రి.

ఎర్రన్న రెండు రోజులు పొడుగు చొక్కాతోనే రేవులో దిగాడు. తడిసిన చొక్కా ఇనప గుండులా కిందికి లాగింది. రెండోరోజు చేతులు ఎత్తబోయి బండ మీద బోర్లాపడ్డాడు, పెదవి చిట్లింది. మూడోరోజు చొక్కా విప్పి గట్టు మీద పడేశాడు. భటులు ఆ చొక్కాతోనే చేతులు కట్టి తీసుకుపోయారు. అక్కడికి నాలుగో రోజు రాజుగారి పట్టాభిషేక దినం. ఆనాడే, కోట మైదానంలోనే, జనం ముందే పన్నెండు దెబ్బలు.

నాంచారికి కాలు ఒకచోట నిలవలేదు. పొయ్యి మీద గంజి పొంగి మంట ఆరిపోతే చూడలేదు. ఉతికిన గుడ్డే మళ్లీ ఉతికింది. డెబ్భై ఏళ్ల వీపు. ఆ వీపు రుద్దింది తను. దాని మీద ఎన్ని ఎముకలు లెక్కకు వస్తాయో తనకు తెలుసు. పన్నెండు కాదు, నాలుగుకు కూడా ఆగదు.

చేతులైనా ఆరకుండా ధర్మాధికారి ఇంటికి పరిగెత్తింది. వాచస్పతిగారు అరుగు మీద కూర్చుని విసనకర్రతో బొజ్జ మీదికి గాలి విసురుకుంటున్నారు. నడుముకు పంచె తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు.

"అయ్యవారూ, మా అయ్య ముసలోడు. దెబ్బలు నాకు వేయించండి."

"చట్టం చట్టమే నాంచారీ. రాజైనా పేదైనా దాని ముందు ఒకటే."

"మరి తమరి ఉత్తరీయం ఏదండీ?"

"ఇది నా అరుగే!"

"వీధిలోంచి నాకు బాగానే కనపడుతున్నారు. భటులకు చెప్పకపోతే నాకు ఆరు పడతాయంటగా?"

వాచస్పతిగారు గబుక్కున విసనకర్ర గుండెకు అడ్డం పెట్టుకున్నారు. "చూస్తేనే కదే చెప్పాల్సింది! నువ్వు చూడలేదనుకో. అటు తిరిగి పో. చూడనివాళ్లకు ఏ శిక్షా లేదు."

నాంచారి అటు తిరిగింది. రెండడుగులు వేసి ఆగింది. మళ్లీ నడిచింది, ఈసారి ఇంకా వేగంగా.

ఆ మూడు రోజులూ ఊళ్లో ప్రతి ఇంటికీ ఉతికిన బట్టలు వేళకంటే ముందే అందాయి. ప్రతి గడప దగ్గరా నాంచారి మూట దించి, ఇల్లాలి చెవిలో ఒక మాట వేసి, మూట ఎత్తుకుని పోయింది. భటుల ఇళ్లలోనూ వేసింది. కొరడా పట్టేవాడి ఇంట్లోనూ వేసింది. మురికి బట్ట ఉన్న ప్రతి ఇంటికీ చాకలి వెళుతుంది కదా!

పట్టాభిషేక దినం వచ్చింది. ఆ రాజ్యంలో ఒక ఆచారం ఉంది. ఏటా ఆ రోజు రాజు కోట ముందు రాతి వేదిక మీది తొట్టిలో, జనమంతా చూస్తుండగా, గోచీతో నిలబడి మంగళస్నానం చేస్తాడు. విప్పిన బట్టలు మళ్లీ తాకకూడదు. పొడి పట్టుబట్ట కోట చాకలి చేతి నుంచే అందుకోవాలి. ఇంకెవరు అందించినా ఏడాదంతా అరిష్టం. చండవిక్రముడికి ఏడాదంతటికీ ఇష్టమైన రోజు అది. కండలకు నెల ముందు నుంచే నూనె పట్టించుకునేవాడు.

బాకాలు ఊదారు. రాజు శాలువా జారవిడిచి, రొమ్ము విరుచుకుని, పదివేల మంది ముందు నిలబడ్డాడు. తొమ్మిది బిందెల నీళ్లు గుమ్మరించారు.

మైదానం ఒక్కసారిగా కదిలింది. పదివేల మందీ గిరుక్కున అటు తిరిగారు.

రాజుగారికి ముఖాలు లేవు. అన్నీ వీపులే. ముసలి వీపులు, పడుచు వీపులు, బిడ్డల్ని మోస్తున్న వీపులు. భటులు కూడా గోడకేసి తిరిగారు. బిందెలు గుమ్మరించినవాళ్లు ఖాళీ బిందెల్లోకి తలలు దూర్చారు.

"ఏమిటిది? ఇటు తిరగండి!" రాజు గర్జించాడు.

ఎవరూ తిరగలేదు. ఏటి మీది గాలి రివ్వున వీచింది. రాజుగారి తడి మీసం కిందికి వేలాడింది.

"నాంచారీ, బట్ట!"

నాంచారి కూడా వెనక్కి తిరిగే ఉంది. పట్టుబట్టను తన ముందుకే చాపింది. "ఇదిగోనండి ఏలినవారూ."

"అటు కాదే, ఇటు!"

"తమరు ఎటున్నారో నాకేం తెలుసు దొరా? తిరిగితే చూడాలి. చూస్తే భటులకు చెప్పాలి. చెబితే తమరికి పన్నెండు."

"పొగరా? నీకే కొరడా దెబ్బలు వేయిస్తాను!"

"వేయించండి. కొట్టేవాడు ఇటు తిరగాలిగా మరి!"

ఆ మైదానంలో కళ్లు అప్పగించి చూస్తున్నవాడు ఒకే ఒక్కడు. వాచస్పతిగారు. నాంచారి వాలుగా ఆయనకేసి చూసింది.

"అయ్యవారు చూస్తున్నట్టున్నారు. మరి చెప్పండి! తమరు చెప్పకపోతే ఆరు, చెబితే ఏలినవారికి పన్నెండు."

వాచస్పతిగారు కళ్లు గట్టిగా మూసుకుని, అది చాలదని చేతులతో కప్పుకుని, అదీ చాలదని అటు తిరిగారు.

రాజు పళ్లు టకటకలాడాయి. "మూర్ఖులారా! నేను స్నానం చేస్తున్నాను! నీళ్లలో నిలబడ్డవాణ్ని పట్టుకుని దిసమొల అంటారా ఎవరైనా?"

నాంచారి మూడు రోజుల నుంచీ ఎదురుచూస్తున్న మాట అది.  

"అయ్యవారూ, విన్నారా? రాజుగారి తీర్పు. రాసుకోండి. మా అయ్య మోకాటిలోతు నీళ్లలో ఉండగా పట్టుకున్నారు."

 

"ఆ రాయబారి నవ్వాడే!" అన్నాడు రాజు, గొంతు తగ్గించి. "నిండు సభలో నవ్వాడు నాంచారీ."

"నవ్వడా మరి? ఆ రోజు ఆయన ఒంటి మీద మల్లెపువ్వులా మెరిసిన అంగీ ఎవరు ఉతికారో అడగలేదు తమరు. ముందురోజు విడిదిలో దిగితే, దుమ్ము కొట్టుకుపోయిన బట్టలు మా రేవుకే వచ్చాయి. మా అయ్య గోచీ బిగించి బాదితేనే ఆయన మచ్చ లేకుండా తమరి ముందు కూర్చుని నవ్వింది."

ఆ మాటకు ముందువరసలో ఒక వీపు కదిలింది. పక్క వీపు వణికింది. చూస్తుండగానే మైదానం చివరిదాకా వీపులన్నీ కుదుపులు. నవ్వు ఆపుకోవాలని నోళ్లు మూసుకున్నారు కానీ, వీపుల్ని మూసుకోలేరుగా! గోచీతో వణుకుతూ నిలబడ్డ రాజు ఆ పదివేల వీపుల ఊగులాట చూశాడు. మొదట ముక్కు ఎగబీల్చాడు. తర్వాత ఆపుకోలేక విరగబడి నవ్వాడు.

"చాలించవే తల్లీ, జలుబు చేసి చస్తాను! ఎర్రన్నను వదిలేయండి. చట్టం ఎలా ఉండాలో నువ్వే చెప్పు, బట్ట మాత్రం ఇవ్వు."

"పొట్టకోసం విప్పినా, నీళ్లకోసం విప్పినా, బట్ట లేక ఒళ్లు కనపడినా నేరం లేదు. ఎదుటివాళ్లను హడలగొట్టడానికి విప్పినవాణ్ని వదలొద్దు. గుడికి గోచీతో పోకూడదనీ, రేవులోకి శాలువాతో దిగకూడదనీ జనానికి దండోరా వేసి చెప్పాలా దొరా?"

"అలాగే రాయండి!" అన్నాడు రాజు.

అప్పుడు నాంచారి ఇటు తిరిగి బట్ట అందించింది. రాజు నడుముకు చుట్టుకుని, బొక్కసంలోంచి జరీ శాలువా తెప్పించి ఆమె భుజాన కప్పాడు.

నాంచారి దాని అంచు వేళ్ల మధ్య నలిపి చూసింది. "రేపో మాపో మాసి నా మూటలోకే వచ్చేది. ముందే ఇచ్చారు, ఒక ఉతుకు తప్పింది."

రాజు మళ్లీ పడీపడీ నవ్వాడు.

చెరసాల నుంచి ఎర్రన్నను తీసుకొచ్చారు. కంఠం నుంచి చీలమండ దాకా ఖైదీ చొక్కా. జనంలో నుంచి నడిచి వస్తూనే ముసలాడు దాన్ని తల మీదుగా లాగి కూతురి చేతిలో పెట్టాడు.

"పదమ్మే," అన్నాడు. "ఎండ ఎక్కుతోంది. మూడు రోజుల గుడ్డలు రేవులో ఎదురుచూస్తుంటాయి."

పదివేల మందీ ఆ బక్క వీపును చూశారు. ఒక్కరూ అటు తిరగలేదు.