రెడ్డెమ్మ ఎరువుకుప్ప

ఎవరైనా ప్రశ్న అడిగితే సిద్ధలింగయ్య స్వామి జవాబు చెప్పేవాడు కాదు, చెప్పులు తొడుక్కునేవాడు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. మదనపల్లె దగ్గరున్న ఆయన ఆశ్రమంలో చేరిన కొత్తలో శిష్యుడు కేశవులు ఇలా అడిగాడు: "స్వామీ, చెడు కంటబడిన మరుక్షణమే తుడిచిపెట్టాలా, ఆగి చూడాలా?"

ఎక్కడ మరక కనబడినా తుడిస్తేగాని నిద్రపట్టని మనిషి కేశవులు. జవాబు అతని దగ్గర సిద్ధంగానే ఉంది. గురువు చేత ఔననిపించుకోవాలని అడిగాడంతే.

స్వామి రెడ్డెమ్మ కౌలు చేనివైపు దారితీశాడు. ఆమెది టమాటా సేద్యం. పోయిన పంటకు కంటికి కనబడని నులిపురుగులు వేళ్లలో చేరి, వేళ్లనిండా బుడిపెలు లేచి, తోట నిలువునా వాడిపోయింది. ఈసారీ అంతే అయితే చేను ఇంకొకరికి ఇచ్చేస్తానని భూమి ఆసామి తేల్చి చెప్పాడు. అందుకే ఆమె వ్యవసాయాధికారి ఇచ్చిన సూక్ష్మజీవుల పొడిని, వేపపిండిని పశువుల ఎరువులో కలిపి, నీడన కుప్పపోసి తడి గోనెలు కప్పింది.

స్వామికి మోకాళ్ల నొప్పులు. కేశవులు ముందే చేరుకున్నాడు. రెడ్డెమ్మ గోనె ఎత్తి పట్టుకుని కొయ్యబారిపోయి ఉంది. కుప్పంతా తెల్లగా, అక్కడక్కడ పచ్చగా బూజు.

"ఎరువంతా చెడిపాయె నాయనా! నా చేను పాయె!" అని ఏడ్చింది.

కేశవులుకు జాలీ కలిగింది, హుషారూ వచ్చింది. చేని పాకలో మిగిలివున్న, బూజును చంపే మందును బిందెనీళ్లలో కలిపి కుప్పమీద పోయసాగాడు. సగం తడిసేసరికి స్వామి రొప్పుకుంటూ వచ్చి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు నాయనా. ఆ పొడి పెరిగితే అయ్యేది ఈ బూజే. వేళ్లను కాచేది ఇదే."

మళ్లీ పొడి తెచ్చి పెంచేందుకు అదను లేదు, నారు ముదిరిపోతోంది. రెడ్డెమ్మ మందు పడని ఎరువును సగం చేనుకు వేసి, తక్కిన సగంలో ఉత్తి ఎరువు చల్లి నారు నాటింది. కేశవులు రోజూ వచ్చి ఆ రెండో సగానికి తనే నీళ్లు కట్టాడు. అయినా పూతవేళకు ఆ సగంలోని మొక్కలు మధ్యాహ్నమయ్యేసరికి తలలు వాల్చేశాయి. ఒకటి పీకి చూస్తే వేళ్లనిండా మళ్లీ బుడిపెలే.

"నీమీద కోపం లేదు నాయనా. పచ్చగా ఉండే ఆ పక్క కాపుతో చేను నాకే ఉంటాదేమో," అంది రెడ్డెమ్మ. పీకిన మొక్కను చేతిలోకి తీసుకుని, "ఈ పక్క కూడా నిలిచిండేది," అంది.

కేశవులు గట్టుమీద కూలబడి, సిగ్గుపడకుండా ఏడ్చాడు. తిరిగి వచ్చేటప్పుడు స్వామి వెనకే నడిచాడు. ఆశ్రమం కనబడుతుండగా అడిగాడు: "అయితే స్వామీ, దేన్నీ తుడిచిపెట్టకూడదా?"

"తుడవచ్చు. ముందు అది ఎవరి పనిమీద వచ్చిందో అడుగు," అన్నాడు స్వామి.