ఆరని పచ్చదీపం

గుమ్మడివాగు ఒడ్డున చిట్టీతల అడవి ఉంది. కొండముచ్చులు, ఉడుములు, ముంగిసలు, కుందేళ్ళు అందులో కలిసి బతికేవి. ముంగిసల బొరియలు వాగు గట్టులోనే ఉండేవి. ఎగువ కొండల్లో వాన పడితే, ఇక్కడ ఎండ కాస్తుండగానే వాగు పొంగేది. అందుకే అడవి పెద్దలు గట్టు మీద ఒక వరద యంత్రాన్ని నిలబెట్టారు.

ఆ యంత్రానికి నీటిని చూసే కన్ను, ఒక దీపం, ఒక బూర ఉన్నాయి. నీరు తక్కువగా ఉంటే దీపం పచ్చగా వెలిగేది. నీరు పెరిగితే దీపం ఎర్రబడి బూర మోగేది. వీటన్నిటినీ నడిపేది లోపల ఉన్న కెర్నల్ అనే ఆదేశాల వరుస. పెద్దలు దాన్ని తమ మాటల్లో రాశారు. ఆ మాటలను యంత్రం భాషలోకి మార్చేది కంపైలర్. ఏటా వానలకు ముందు, అదే పాత కంపైలర్‌తో కెర్నల్‌ను మళ్ళీ కట్టేవారు.

ఆ ఏడు ఆ పని కొండముచ్చుకు వచ్చింది. ఉడుము దానికి తోడు. రెండూ ఒకే పెద్దల దగ్గర నేర్చుకున్నాయి. కొండముచ్చు తెలివైనదే. కాకపోతే తన తెలివి మీద దానికి నమ్మకం మరీ ఎక్కువ.

అది పట్నం నుంచి కొత్త కంపైలర్ తెచ్చింది.

"పాతది నత్తనడక, బావా. ఇదైతే పనికిరాని పనంతా తీసేసి చకచకా కట్టేస్తుంది" అంది.

"ఏది పనికిరానిదో దానికెలా తెలుసు?" అంది ఉడుము. "మన పెద్దలు పాతదాని పద్ధతి నమ్ముకుని రాశారు. ముందు కన్ను దగ్గర నీళ్ళు పోసి, దీపం మారుతుందో లేదో చూద్దాం."

కొండముచ్చు వినకుండా కొత్తదానితోనే కెర్నల్ కట్టి యంత్రంలో పెడితే దీపం పచ్చగా వెలిగింది.

"నీది ఉడుము పట్టు. దీపం వెలిగింది, ఇంకేం కావాలి?"

కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు. అడవిలోనూ అంతే. కొండముచ్చు పాత కంపైలర్‌ను బయట పారేసింది. ఉడుము దాన్ని తీసుకెళ్ళి తన పుట్టలో దాచుకుంది. కానీ నీళ్ళు పోసి చూద్దామని మళ్ళీ అడగకుండా ఊరుకుంది. అదీ మంచి పని కాదు.

అందరికంటే కింది బొరియలో ఒక ముంగిస అప్పుడే పిల్లల్ని పెట్టింది.

"పిల్లల్ని పైకి మార్చమంటావా నాయనా?" అని అది కొండముచ్చును అడిగింది.

"దీపం పచ్చగా ఉన్నంతవరకూ నిశ్చింతగా పడుకో అత్తా" అంది కొండముచ్చు.

ఒక మధ్యాహ్నం ఎగువన వాన దంచికొట్టింది. ఇక్కడ మంచి ఎండ. వాగు ఎర్రనీళ్ళతో పైకి లేచింది. దీపం పచ్చగానే ఉంది. బూర మోగలేదు. గట్టు మీద ఎండ కాచుకుంటున్న ఉడుము నీళ్ళను చూసి అరుస్తూ పరుగెత్తింది. ముంగిస ఒక్కో పిల్లనూ నోట కరుచుకుని పైకి చేర్చింది. కడగొట్టు పిల్ల కోసం తిరిగి వెళ్ళేసరికి బొరియ నీళ్ళలో ఉంది. కొండముచ్చు వాగులోకి దూకి వెతికింది. ఆ పిల్ల దొరకలేదు.

వరద తగ్గాక కొండముచ్చు, ఉడుము యంత్రాన్ని విప్పి చూశాయి. కెర్నల్ కంటిని "నీరెంత?" అని అడుగుతూనే ఉండాలి. పెద్దలు రాసింది అదే. ఒకే ప్రశ్న ఇన్నిసార్లు దేనికని కొత్త కంపైలర్ మొదటిసారి అడగడం ఉంచి, మిగతాదంతా తీసేసింది. వేరే పనుల్లో అది మంచి పద్ధతే. కానీ వాగు ఎప్పుడూ ఒకేలా ఉండదు. ఎండల్లో వచ్చిన జవాబునే నమ్ముకుని దీపం పచ్చగా వెలుగుతూ ఉండిపోయింది.

ఉడుము పుట్టలోంచి పాత కంపైలర్ తెచ్చింది. రెండూ కెర్నల్‌ను మళ్ళీ కట్టి, కన్ను దగ్గర నీళ్ళు పోశాయి. దీపం ఎర్రబడింది. బూర మోగింది.

ఆ మోత విని ముంగిస పరుగున బయటికి వచ్చింది. కొండముచ్చు తలవంచుకుంది.

"తప్పు నాదే అత్తా."

ముంగిస వాగు వైపు చూసింది.

"దీపం పచ్చగానే ఉంది కదా నాయనా. అందుకే పడుకున్నాం" అంది.

అడవి ఆ పనిని ఉడుముకు అప్పగించింది. కెర్నల్ కట్టిన ప్రతిసారీ కన్ను దగ్గర నీళ్ళు పోసే పని మాత్రం కొండముచ్చు అడిగి తీసుకుంది. బూర మోగేదాకా అది అక్కడి నుంచి కదలదు.

నీతి: పనిముట్టు ఎంత గొప్పదైనా, అది మన పనికి పొసగుతుందో లేదో పరీక్షించాకే దాని మీద ప్రాణాలు పెట్టాలి.