వానపాములు ఖాళీ చేసిన చేను

అనగనగా ఒక అడవి. ఆ అడవి అంచున, ఏటి వారగా ఒక చేను. ఆ చేను కుందేళ్లది. కుందేళ్లంటే మీకు తెలుసుగా పిల్లలూ, ఇంటినిండా సంతానమే. తాత చేనును కొడుకులు పంచుకున్నారు. కొడుకుల చేనును మనవలు పంచుకున్నారు. పంచుకున్న ప్రతిసారీ మధ్యలో ఒక గట్టు లేచింది. చివరికి గట్లు ఎక్కువ, చేను తక్కువ అయింది.

అందులో ఒక ముక్క గవరమ్మ అనే కుందేలుది. పక్క ముక్క ఆమె తమ్ముడు అప్పలకొండది. గవరమ్మ రాగులు వేసేది. పండింది ఇంటికి చాలీచాలకుండా ఉండేది.

ఒకరోజు సాంబయ్య అనే నక్క భుజాన మూటతో వచ్చాడు. అడవిలో అందరికీ సలహాలు చెప్పడమే అతని పని.

“చెల్లెమ్మా, నేల ఎలాగూ పెరగదు. పంటయినా పెరగాలి కదా. ఈ తెల్లపొడి చల్లు,” అన్నాడు.

“పెంట ఎరువు వేస్తున్నానండీ,” అంది గవరమ్మ.

“పెంటా? ఈ కాలంలోనా? మన అడవికి రాజు పులిగారు వింటే నవ్వుతారు.”

పులి నవ్వుతుందంటే గవరమ్మకు సిగ్గేసింది. పెంట మానేసి పొడి చల్లింది. ఆమెను చూసి అప్పలకొండా, మిగతా కుందేళ్లూ చల్లారు.

మొదటి పంటకు రాగులు ఏపుగా లేచాయి. కుందేళ్లన్నీ కలిసి సాంబయ్యకు దండ వేశాయి. రెండో పంటకు అంత దిగుబడి రావడానికి రెట్టింపు పొడి పట్టింది. మూడో పంటకు ఎంత చల్లినా మొక్క లేవలేదు. పార వేస్తే రాతి మీద వేసినట్టు ఖంగుమంది.

ఆ పొద్దున వానపాములు బారులు తీరి గట్టు దాటుతున్నాయి. ముందు వాటి పెద్ద నడుస్తోంది.

“ఎక్కడికి పెద్దమ్మా?” అని అడిగింది గవరమ్మ.

“ఇల్లు ఖాళీ చేస్తున్నాం తల్లీ. మన్ను బిగుసుకుపోయింది. ఒళ్లు మండిపోతోంది. సాంబయ్య పెరట్లో చోటుందట, అక్కడికి పోతున్నాం.”

గవరమ్మ నమ్మలేదు. వాటి వెనకే వెళ్లింది. నక్క బొరియ వెనక పెద్ద పెరడు. వంకాయలు నిగనిగలాడుతున్నాయి. నేల నల్లగా, మెత్తగా ఉంది. ఓ మూల పెంటకుప్ప. తెల్లపొడి జాడే లేదు.

“సాంబయ్య గారూ, ఇక్కడ పొడి చల్లలేదేం?”

నక్క తడుముకోలేదు. “అది ఊళ్లోవాళ్లకమ్మా. ఇది మేం తినడానికి,” అన్నాడు. మళ్లీ తనే, “అయినా నీ నేల ముసలిదైపోయింది. నాకిచ్చెయ్. రాళ్లు పరిచి పులిగారి చుట్టాలకు ఇళ్లస్థలాలు చేస్తాను. నీ తమ్ముడు నిన్ననే ఒప్పుకున్నాడు,” అన్నాడు.

గవరమ్మ పరుగున తమ్ముడి దగ్గరికి వచ్చింది.

“ఏం చెయ్యనక్కా? బండ మీద ఎన్నాళ్లు సాగు చేస్తాం? నాకు అక్కడే కాపలా పని ఇస్తానన్నాడు,” అన్నాడు అప్పలకొండ.

“నీ చేనుకు నువ్వే కాపలావాడివా?”

“టోపీ కూడా పెడతానన్నాడు.”

“అది పెట్టేశాడురా,” అంది గవరమ్మ.

ఇంట్లో గింజ లేదు. తనూ ఇచ్చేస్తే ఇవాళ్టికి గడుస్తుంది. చాలాసేపు గట్టు మీద కూర్చుంది. తర్వాత లేచి వానపాముల పెద్ద దగ్గరికి వెళ్లింది.

“మళ్లీ వస్తారా పెద్దమ్మా?”

“పిలిస్తే రాము. తిండి పెడితే వస్తాం. పొడి మానెయ్. పెంట వెయ్యి. జనుము విత్తనాలు చల్లి, మొక్క ఎదిగాక మన్నులో కలిపెయ్. పైన ఎండుటాకు కప్పు. తొందరపడకు.”

గవరమ్మ అలాగే చేసింది. ఇరుగుపొరుగును ఒప్పించి మధ్య గట్లు కూడా తీయించింది. తీసి చూస్తే గట్ల కిందే ఇంకో చేనంత నేల బయటపడింది. ఇన్నాళ్లూ దాని మీద నిలబడే నేల చాలదని పోట్లాడుకున్నారు.

ఆ ఏడాదంతా దుంపలు తిని బతికారు. దారిన పోయేవాళ్లు, “గవరమ్మ చెత్త పండిస్తోంది,” అని నవ్వారు. పులి కూడా నవ్విందట. నవ్వితే ఏమీ కాలేదు.

మరుసటి వానలకు మన్ను మెత్తబడింది. వానపాములు తిరిగొచ్చాయి. రాగులు పండాయి. మరీ విరగపండలేదు గానీ, కడుపులు నిండాయి.

అవతల అప్పలకొండ చేనులో రాళ్లు పరిచారు. ‘పచ్చిక నగర్’ అని పలక కట్టారు. పచ్చిక లేదు, పేరే ఉంది. లోపలికి కుందేళ్లను రానివ్వకపోవడమే కాపలావాడి పని. ఒకనాడు తన పిల్లలనే తరమాల్సి వచ్చింది. అప్పలకొండ ఆ పని వదిలేసి అక్క ఇంటికి వచ్చాడు. గవరమ్మ అంబలి పోసింది.

అతను తాగి, వానపాముల పెద్దను అడిగాడు. “నా నేల కూడా బాగవుతుందా పెద్దమ్మా?”

“పొడి తిన్న నేలకు మందుంది నాయనా. రాయి పరిచిన నేలలోకి మేం దూరలేం,” అంది పెద్ద.

అప్పలకొండ మరునాటి నుంచి అక్క చేనులోనే పెంట మోయడం మొదలుపెట్టాడు.

నీతి: సలహా వినే ముందు చెప్పేవాడి పెరడు చూడాలి, నేలను వదులుకునే ముందు దాని ఆకలి తీర్చి చూడాలి.